యాక్చుయేటర్‌కి ఫ్రాక్షనల్ డెరివేటివ్ తప్పనిసరా? ముందు నీ సున్నా ఎక్కడ పెట్టావో చూడు

ఎం.టెక్ ప్రాజెక్టుకి డైఎలక్ట్రిక్ ఎలాస్టోమర్ యాక్చుయేటర్ (వోల్టేజి ఇస్తే వెడల్పయ్యే రబ్బరు లాంటి పొర) చేస్తున్నాను, గైడ్ ఫ్రాక్షనల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్లు (ఒకసారో రెండుసార్లో కాకుండా అర లాంటి భిన్నం సార్లు డెరివేటివ్ తీసేవి) వాడమంటున్నారు, అవి లేకుండా కుదరదా అన్నా అని అడిగావు. కుదురుతుంది తమ్ముడూ, కానీ డేటాని ఒకసారి లాగ్-లాగ్‌లో, అంటే రెండు అక్షాలూ లాగరిథమ్ స్కేల్లో ఉన్న గ్రాఫ్‌లో, గీసి చూశాక నీకే వదలబుద్ధి కాదు.

నేను బెంగళూరులో ఒక ల్యాబ్‌లో మూడేళ్లు ఇదే పని చేశాను. ఈ యాక్చుయేటర్లకి వాడే వీహెచ్‌బీ 4910 అనే సాగే అక్రిలిక్ జిగురు టేపు ఒక మిల్లీమీటరు మందం ఉంటుంది, దాన్ని రెండు దిక్కులా మూడింతలు సాగదీసి అక్రిలిక్ రింగుకి అంటిస్తే మందం తొమ్మిదో వంతుకి వస్తుంది, మధ్యలో అటూ ఇటూ రూపాయి బిళ్లంత కార్బన్ గ్రీజు కుంచెతో పూసి 3 కిలోవోల్టులు ఇస్తే ఆ నల్ల మచ్చ టక్కున వెడల్పవుతుంది. చూడాల్సింది ఆ తర్వాత. వోల్టేజి కదలకపోయినా మచ్చ ఆగదు, నిమిషాల తరబడి పాకుతూనే ఉంటుంది.

ఈ క్రీప్‌ని, అంటే మెల్లగా పాకే సాగుదలని, స్ప్రింగులు, డ్యాష్‌పాట్‌ల (నూనెలో కదిలే పిస్టన్ లాంటివి) మోడల్‌తో పట్టుకోడానికి నాకు నాలుగు జతలు, అంటే ఎనిమిది నంబర్లు కావాల్సొచ్చింది. మొదటి గెంతు తీసేసి మిగతా సాగుదలని లాగ్-లాగ్‌లో గీస్తే గీత దాదాపు తిన్నగా వచ్చింది. ఆ వాలే ఆల్ఫా, అంటే ఎన్నో డెరివేటివ్ తీయాలో చెప్పే భిన్నం. సున్నా అయితే స్ప్రింగు, ఒకటి అయితే డ్యాష్‌పాట్, మన టేపు మధ్యలో ఎక్కడో. అర డెరివేటివ్ అనే మాట 1695లోనే లైబ్‌నిజ్, లోపితాల్ ఉత్తరాల్లో ఉంది, కాబట్టి కొత్త లెక్కేదో అని భయపడకు.

నేను ఇరుక్కున్నది వేరే చోట. అదే టేపు, అదే వోల్టేజి, ఉదయం ఒక ఆల్ఫా, సాయంత్రం ఇంకోటి. నెల రోజులు టెన్షన్, వాన తేమ అనుకున్నాను, పవర్ సప్లై మార్చాను. చివరికి నోట్‌బుక్ తిరగేస్తే ఉదయం శాంపిళ్లు ముందు రాత్రి సాగదీసి పెట్టినవి, సాయంత్రానివి టీకి వెళ్లే ముందు సాగదీసినవి. మామూలు డెరివేటివ్‌కి ఈ క్షణం చాలు, ఫ్రాక్షనల్‌కి మొదటి నుంచీ జరిగిందంతా కావాలి, ఎందుకంటే దాని లోపల ఇంటిగ్రల్ ఉంది. నేను స్విచ్ వేసిన క్షణాన్ని సున్నా అనుకున్నాను, టేపుకి మాత్రం నేను చేత్తో సాగదీసినప్పుడే గడియారం మొదలైపోయింది. ఇంటిగ్రల్ కింది హద్దుని అక్కడికి జరిపాక రెండు పూటలకీ ఒకే ఆల్ఫా సరిపోయింది.

ఫ్రాక్షనల్ డెరివేటివ్‌కి ఒకటికి మించి ఫార్ములాలున్నాయి, నువ్వు కాపుటోది, 1967 నాటిది, తీసుకో. అందులో మొదట ఎంత సాగి ఉందో చెబితే చాలు, రీమాన్-లియువిల్ అనే ఇంకో ఫార్ములా మొదట్లో అడిగే ఫ్రాక్షనల్ ఇంటిగ్రల్‌ని ల్యాబ్‌లో ఏ స్కేలూ కొలవదు. ప్రతి స్టెప్‌లో పాతవన్నీ కూడాలి, పదివేల స్టెప్పులకి దాదాపు 5 కోట్ల పదాలు, ల్యాప్‌టాప్ లాగేస్తుంది. టైమ్ మిగులుతుందని పాత భాగాన్ని ఇప్పుడే కత్తిరించొద్దు, నాకు నెల పోయింది దాన్ని వదిలేసినందుకే.

రేపటి నుంచి సాగదీసిన టైమ్ రింగు మీదే మార్కర్‌తో రాయి. వోల్టేజి తీసేశాక కూడా డిశ్చార్జ్ చేయకుండా గ్రీజు ముట్టుకోకు. గీత మధ్యలో వంగితే గ్రాఫ్ పెట్టు, చూస్తాను.