ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లో మత్తు గ్యాస్ రోజూ పీలిస్తే ఆరోగ్యం దెబ్బతింటుందా?

ఓటీ నర్సుగా చేరి మూడు నెలలైంది, సాయంత్రానికి తల పగిలిపోతోంది, ఇది గ్యాస్ వల్లేనా లేక అలవాటు లేకనా అని అడిగారు. పదకొండేళ్లుగా అనస్థీషియా టెక్నీషియన్‌గా చేస్తున్నాను. గ్యాస్ వల్లే అంటాను. "అలవాటైపోతుందిలే" అని ఎవరన్నా నమ్మకండి.

మా థియేటర్లో వారానికో రోజు పిల్లల టాన్సిల్ ఆపరేషన్లు వరసగా ఉండేవి. పిల్లల్ని చాలావరకు మాస్కుతో సెవోఫ్లూరేన్ అనే మత్తు గ్యాస్ ఇచ్చే నిద్రపుచ్చుతాం. వాళ్లేమో ఏడుస్తూ తల అటూ ఇటూ తిప్పేస్తారు, మాస్కు ముఖానికి ఆనదు, గ్యాస్ పక్కల నుంచి తన్నుకొచ్చి మా ముఖాలకే కొడుతుంది. సరే, అది ఎప్పుడూ ఉండేదే. కానీ ఓ మూడు వారాలు మరీ ఘోరంగా గడిచింది. నాలుగో కేసుకల్లా నాకు కణతలు లాగేవి, సిస్టర్‌కి కడుపులో తిప్పేది, మత్తు డాక్టర్ గారు ఊరికే విసుక్కునేవారు. నిద్ర చాలట్లేదనుకున్నాం. ఒకరోజు తుడవడానికని ఆయమ్మ మత్తు మెషీన్ జరిపి, "సార్, ఈ పైపు ఊడిపోయి కింద పడుంది, దేనికి పెట్టాలి?" అంది. చూస్తే స్కావెంజింగ్ పైపు! వాడిన గ్యాస్‌ను బయటికి తీసుకెళ్లాల్సింది అదే. గోడలకు రంగులేసినప్పుడు మెషీన్ కదిపారు, మళ్లీ ఎవరూ తగిలించలేదు. అన్ని రోజులూ ఆ గ్యాసంతా గదిలోకే వచ్చింది. పైపు తగిలించాక తర్వాతి వారం ఎవరికీ తలనొప్పి లేదు. నాకు ఆ రుజువు చాలు.

"వాసన రావట్లేదుగా" అంటారు కొందరు. వాసన తెలిసేసరికే గాలిలో గ్యాస్ పరిమితి దాటిపోయి ఉంటుంది. పనిచేసేవాళ్ల ఆరోగ్య భద్రతను చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ నయోష్ 1977లో సూచించిన పరిమితి నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు గ్యాస్‌కు 25 పీపీఎం (అంటే పది లక్షల పాళ్ల గాలిలో 25 పాళ్లు), హాలోథేన్ లాంటి మత్తు మందులకు 2 పీపీఎం. అంత తక్కువను ముక్కు ఎలా పట్టుకుంటుంది? మనం కట్టుకునే మాస్కూ గ్యాస్‌ను ఆపదు, ఎన్95 అయినా సరే. అదేదో రక్షణ కవచమన్నట్టు మాట్లాడే ఇన్‌ఛార్జిలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నైట్రస్ సంగతి ఇంకా సీరియస్. అది ఒంట్లో బి12 విటమిన్‌ను పనిచేయకుండా చేస్తుంది. 1992లో అమెరికాలో డెంటల్ అసిస్టెంట్ల మీద చేసిన అధ్యయనంలో, స్కావెంజింగ్ లేకుండా వారానికి 5 గంటలో అంతకుమించో నైట్రస్ మధ్య పనిచేసినవారికి ఒక్కో నెలలో గర్భం వచ్చే అవకాశం సగానికంటే తక్కువకు పడిపోయింది. ఇంత తెలిసి కూడా, గర్భవతినని చెప్పి డ్యూటీ మార్చమన్న ఒక సిస్టర్‌ని మా దగ్గర "అందరూ చేయట్లేదా" అని వెనక్కి పంపారు. అది నేను ఎప్పటికీ మర్చిపోలేను.

రికవరీ గదిని కూడా తేలిగ్గా తీసుకోకండి. పేషెంట్ అక్కడికొచ్చాక కూడా మత్తు గ్యాస్‌ను ఊపిరితో వదులుతూనే ఉంటాడు, వాళ్ల ముఖం దగ్గర వంగి ఉండేది మీరే. ఏసీ చల్లగా ఉంటే గాలి బాగున్నట్టు కాదు, చాలా ఏసీలు లోపలి గాలినే తిప్పుతాయి.

తల ఏ రోజు, ఏ గదిలో, ఎన్నో కేసు తర్వాత నొప్పి పుట్టిందో రాసి పెట్టుకోండి. రేపు డ్యూటీకి వెళ్లగానే మెషీన్ వెనక్కి వంగి ఆ పైపు రెండు కొసలూ ఎక్కడున్నాయో చూసి, ఇక్కడే కింద రాయండి.