రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్నాను, గైడు తప్ప వేరే ఆసరా లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సోషియాలజీ పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నారు. జేఆర్‌ఎఫ్, అంటే యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) నెట్ పరీక్ష ద్వారా వచ్చే పరిశోధన ఫెలోషిప్, లేదు. గైడు మంచివారే కానీ వారికి తీరిక ఉండదు. శిక్షణ, ఆర్థిక సాయం, ఉద్యోగానికి పనికొచ్చే అనుభవం ఎక్కడ దొరుకుతాయో చెప్పే మనిషి లేరని రాశారు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని, పెళ్లయి ఊరు మారితే ఈ పరిశోధన ఏమవుతుందని, అసలు ఇప్పటికే ఆలస్యమైపోయిందా అని కూడా అడిగారు.

నేను డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలో చదివి, హైదరాబాదులో చరిత్రలో పీహెచ్‌డీ చేశాను. ఇప్పుడు డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. నాకు తెలిసివచ్చిన ముఖ్యమైన సంగతి ముందే చెబుతాను. ఫెలోషిప్ అయినా, వర్క్‌షాప్ అయినా, విదేశీ అవకాశమైనా, చివరికి ఉద్యోగ ఇంటర్వ్యూ అయినా అడిగేది ఒక్కటే: మీరు ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారు, అది ఎందుకు ముఖ్యం, ఎలా వెతుకుతున్నారు. ఇది మీ సబ్జెక్టు తెలియని మనిషికి అర్థమయ్యేలా ఒక్క పేజీలో రాసి పెట్టుకోండి. ఈ పేజీ సిద్ధంగా ఉన్న స్కాలరు నోటిఫికేషన్ రాగానే దరఖాస్తు చేస్తారు. లేనివారు గడువు చివరి రోజున సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక)లోంచి పేరాలు కత్తిరించి అతికిస్తారు, అది చదివేవారికి ఇట్టే తెలిసిపోతుంది.

నా పేజీని సరిదిద్దింది నా గైడు కాదు, ఎకనామిక్స్ విభాగంలో నాకన్నా సీనియరైన ఒక అక్క. నిజాం కాలపు చేనేత మీద నా పరిశోధన. మొదటి వాక్యం ‘హైదరాబాద్ సంస్థానంలో చేనేత పరిశ్రమ చరిత్రను అధ్యయనం చేయడం ఈ పరిశోధన ఉద్దేశం’ అని ఉండేది. ఆమె పెన్సిలుతో దాని కింద గీత గీసి, "ఇది నీ ఊరి పేరు చెప్పినట్టుంది, ఎక్కడికి వెళ్తున్నావో చెప్పలేదు" అంది. తర్వాత అరగంట పాటు ప్రశ్నలే. ఎవరి చేనేత? ఏ ఏళ్లలో? నూలు ఎవరిస్తారు? అప్పు ఎవరిస్తారు? చివరికి ఆ వాక్యం ఇలా మారింది: ‘మిల్లు నూలు సులువుగా దొరుకుతున్న రోజుల్లో కూడా చేనేత కుటుంబాలు సావుకారుకు ఎందుకు బాకీపడుతూ వచ్చాయి?’ ఆ ఒక్క మార్పుతో దరఖాస్తే కాదు, థీసిస్ అధ్యాయాల వరుస కూడా మారింది. మీ విభాగానికి బయట ఉన్నవారితోనే ఈ పని చేయించుకోండి. సోషియాలజీ చదివినవారికి మీ పదజాలం అలవాటే కాబట్టి వారు అడగాల్సినవి అడగరు.

ఇక డబ్బు. జేఆర్‌ఎఫ్ రాలేదని వదిలేయకండి. పీహెచ్‌డీలో చేరాక కూడా నెట్ రాయవచ్చు, పరీక్ష ఏడాదికి రెండు సార్లు ఉంటుంది. జేఆర్‌ఎఫ్‌కు వయసు పరిమితి 30 ఏళ్లు, మహిళలకు 5 ఏళ్ల సడలింపు ఉంది. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత అదే సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్)గా మారి 42,000. ఇది కాక మీకు నేరుగా సరిపోయేది భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి (ఐసీఎస్‌ఎస్‌ఆర్) ఇచ్చే డాక్టొరల్ ఫెలోషిప్. పీహెచ్‌డీలో రిజిస్టరైన సోషల్ సైన్సెస్ స్కాలర్లకు నెలకు 20,000, ఏడాదికి మరో 20,000 కంటింజెన్సీ (పరిశోధనకయ్యే చిల్లర ఖర్చులకు) ఇస్తారు. మీ తల్లిదండ్రులకు మీరు ఒక్కరే సంతానమైతే యూజీసీ వారి సావిత్రిబాయి జ్యోతిరావు ఫూలే ఫెలోషిప్ చూడండి. ఎస్టీ విద్యార్థులకు గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఫెలోషిప్ ఉంది. మీ అంశంలో చరిత్ర పాలు ఎక్కువైతే భారత చరిత్ర పరిశోధన మండలి (ఐసీహెచ్‌ఆర్) ఇచ్చే స్టడీ కం ట్రావెల్ గ్రాంటు కూడా గుర్తుంచుకోండి. ఆర్కైవ్స్‌కు వెళ్లి రావడానికి పనికొస్తుంది.

దరఖాస్తు రాయడం ఒక ఎత్తు, దాన్ని విశ్వవిద్యాలయం దాటించడం మరో ఎత్తు. గైడు సంతకం, విభాగాధిపతి సంతకం, ఆ తర్వాత రిజిస్ట్రారు ఫార్వర్డింగ్. ఈ మూడు గడపలూ దాటేసరికి నోటిఫికేషన్ గడువు కరిగిపోతుంది. అందుకే బోనఫైడ్, రిజిస్ట్రేషన్ పత్రం, మార్కుల జాబితాలు, కుల ధ్రువీకరణ పత్రం అన్నీ స్కాన్ చేసి ఒక్కచోట పెట్టుకోండి. ఫెలోషిప్ వచ్చిన తర్వాత కూడా సొమ్ము నెలనెలా వస్తుందని ఇంటి ఖర్చులు దాని మీద పెట్టుకోవద్దు. నా తోటి స్కాలరు ఒకరికి అన్ని కాగితాలూ సరిగ్గా ఉన్నా నెలల తరబడి సొమ్ము పడలేదు. హాస్టల్ మెస్ బిల్లు కోసం చేబదులు తీసుకోవాల్సి వచ్చింది. చదువుకునే వయసులో ఉన్న మనిషిని అలా తిప్పడం అన్యాయం. దానికి నాకు ఇప్పటికీ కోపమే.

శిక్షణ విషయానికి వస్తే, ఐసీఎస్‌ఎస్‌ఆర్ సాయంతో వివిధ విశ్వవిద్యాలయాల్లో పది రోజుల రిసెర్చ్ మెథడాలజీ కోర్సులు జరుగుతుంటాయి. వీటి కోసం హైదరాబాదులో ఉస్మానియా ప్రాంగణంలోని ఐసీఎస్‌ఎస్‌ఆర్ దక్షిణ ప్రాంతీయ కేంద్రాన్ని గమనిస్తూ ఉండండి. కోర్సులో విన్న ఉపన్యాసాలకన్నా, పది రోజులు పక్క మంచం మీద పడుకుని మీలాగే ఫీల్డ్‌వర్క్‌తో తలపడుతున్న మనుషులు దొరకడం పెద్ద లాభం. నాకు తెలిసి ఇలాంటివి ఒకటి రెండు మంచివి చేస్తే చాలు. ఇంటర్నెట్‌లో గంటన్నర ఉపన్యాసం విని, ఫీడ్‌బ్యాక్ ఫారం నింపితే వచ్చే ఈ-సర్టిఫికెట్లను పోగుచేస్తూ కూర్చోవడం వృథా. ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్నవారు ఆ ఫైలు తెరవనైనా తెరవరు.

ఇంతకన్నా హెచ్చరిక కావలసింది పత్రికల విషయంలో. ‘మీ వ్యాసం వారంలో ప్రచురిస్తాం, ఇంత కట్టండి’ అని వచ్చే సందేశాలకు జవాబు ఇవ్వకండి. థీసిస్ సమర్పించాలంటే వ్యాసం అచ్చయి ఉండాలన్న నియమాన్ని యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది. మీ విశ్వవిద్యాలయం సొంతంగా ఏమైనా పెట్టుకుందేమో ఒకసారి ఆఫీసులో కనుక్కోండి. మంచి పత్రికలని గుర్తించే యూజీసీ కేర్ జాబితా కూడా 2025లో ఆగిపోయింది కాబట్టి ఏది మంచి పత్రికో తేల్చుకునే బాధ్యత ఇప్పుడు స్కాలరుదీ, గైడుదీ. నా పద్ధతి ఒకటి చెబుతాను: మీ థీసిస్‌లో మీరు నిజంగా ఉటంకిస్తున్న వ్యాసాలు ఏ పత్రికల్లో వచ్చాయో చూడండి, అక్కడికే పంపండి. తిరిగొచ్చినా సమీక్షకుల వ్యాఖ్యలు మిగులుతాయి. ఆ వ్యాఖ్యలు డబ్బిచ్చినా దొరకవు.

ఆ వ్యాసాలు చదవడానికి ఇప్పుడు డబ్బు కట్టక్కర్లేదు. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం 2025 జనవరిలో మొదలైంది. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు దాదాపు 13,000 పత్రికలు దీని కింద అందుబాటులోకి వచ్చాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు కూడా అందులో ఉన్నాయి. మీ గ్రంథాలయానికి వెళ్లి లాగిన్ ఎలాగో అడగండి. వారికి తెలియకపోతే మళ్లీ వెళ్లండి. దేశంలోని థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో మీ అంశానికి దగ్గరగా ఉన్న థీసిస్‌లు కనీసం కొన్నింటిని మొదటి నుంచి చివరిదాకా చదవండి. అధ్యాయం ఎలా కట్టాలో, ఎలా కట్టకూడదో కూడా తెలుస్తుంది.

మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఇంగ్లీషు గురించి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి అసలు దిగులు అక్కడే. దానికి నాకు దొరికిన మందు శనివారం బృందం. ఉస్మానియా గ్రంథాలయం దగ్గర చెట్ల కింద మేము కొందరం కలిసేవాళ్లం. వేర్వేరు విభాగాలవాళ్లం. ఆ వారం ఒకరి పది పేజీలు, రెండు రోజుల ముందే అందరికీ అందాలి. కలిశాక రాసినవారు మాట్లాడకూడదు. ఒకరు పైకి చదువుతారు, అర్థం కాని చోట ఆగి ‘ఇక్కడ ఏమనుకున్నావు?’ అని తెలుగులో అడుగుతారు. అప్పుడు మాత్రమే రాసినవారు తెలుగులో చెప్పాలి. చెప్పిందాన్ని పక్కనున్నవారు కాగితం మీద ఎక్కించుకుంటారు. తొంభై పాళ్లు ఆ నోటిమాటే పేజీలో ఉన్నదానికన్నా స్పష్టంగా ఉండేది. దాన్నే చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలుగా మార్చుకునేవాళ్లం. వ్యాకరణం దిద్దడం చివరి పని. మా బృందంలో ఇంగ్లీషు బాగా వచ్చినవారు ఒకరిద్దరే, అయినా అందరి అధ్యాయాలూ బాగుపడ్డాయి. మీ ప్రాంగణంలో ఇలాంటిది లేకపోతే మీరే మొదలుపెట్టండి. ముగ్గురు చాలు. టీ ఖర్చు తప్ప వేరే ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇలా తెలుగు, ఇంగ్లీషు రెండింటిలో పని చేయడం మీకు ఆస్తి కూడా. మైసూరులోని భారతీయ భాషల సంస్థలో ఉన్న నేషనల్ ట్రాన్స్‌లేషన్ మిషన్ అనువాదకులకు శిక్షణ ఇస్తుంది. సామాజిక శాస్త్రాలను తెలుగులోకి తేగలిగినవారు తక్కువ.

పాఠం చెప్పే అవకాశం కూడా అడిగి తీసుకోండి. 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ స్కాలర్లకు బోధనలోనూ, రాయడంలోనూ శిక్షణ ఉండాలి. ట్యుటోరియల్, మూల్యాంకనం వంటి పనులకు వారానికి 4 నుంచి 6 గంటలు కేటాయించవచ్చు. చాలా విభాగాల్లో ఇది కాగితం మీదే ఉంటుంది. మీరు వెళ్లి ‘సార్, పీజీ మొదటి సెమిస్టరులో ఈ యూనిట్ నేను చెబుతాను’ అంటే సాధారణంగా ఎవరూ కాదనరు. లెక్చరరు ఉద్యోగానికి డెమో ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఈ అలవాటు ఎంత ధైర్యమిస్తుందో మాటల్లో చెప్పలేను.

అధ్యాపక ఉద్యోగమే దారి అనుకోవద్దని కూడా చెప్పాలి. హైదరాబాదులో బేగంపేటలోని సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం), రాజేంద్రనగర్‌లోని ఎన్‌ఐఆర్‌డీ (జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ), కౌన్సిల్ ఫర్ సోషల్ డెవలప్‌మెంట్ వంటి సంస్థల్లో సర్వేలు, ప్రాజెక్టులు జరుగుతుంటాయి. సోషియాలజీ వారికి ఫీల్డ్‌వర్క్ చేతిలో పనే. విదేశాల సంగతి కూడా మీకు దూరం కాదు. భారతదేశంలో పీహెచ్‌డీ చేస్తున్నవారు ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికాలో పరిశోధన చేయడానికి ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టొరల్ ఫెలోషిప్ ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయం పేరు చూసి మనవాళ్లు వెనక్కి తగ్గుతారు. అలా తగ్గకండి.

పెళ్లి విషయం. భయపడకండి, యూజీసీ నిబంధన మీ పక్షాన ఉంది. పెళ్లి వల్లో మరో కారణం వల్లో ఊరు మారిన మహిళా స్కాలరు తన పరిశోధనను మరో విశ్వవిద్యాలయానికి మార్చుకోవచ్చు. మిగతా నిబంధనలు పాటించాలి, ఆ పరిశోధన నిధులతో నడిచే ప్రాజెక్టులో భాగమై ఉండకూడదు, పాత గైడు చేసినపనికి గుర్తింపు ఇవ్వాలి. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు మొత్తం పీహెచ్‌డీ కాలంలో 240 రోజుల వరకు ఇవ్వవచ్చు. సంబంధం మాట్లాడేటప్పుడే ఈ మాటలు పెద్దల ముందు పెట్టండి. నా పెళ్లికి ముందు మా నాన్నగారే అవతలివారితో థీసిస్ అయ్యేదాకా చదువు ఆగదని చెప్పారు. ఆ ఒక్క మాట వల్ల తర్వాత నాకు ఎన్ని వాదనలు తప్పాయో!

గైడుకు తీరిక లేకపోతే ప్రతి సెమిస్టరుకూ జరగాల్సిన రిసెర్చ్ అడ్వైజరీ కమిటీ సమావేశాన్ని గట్టిగా వాడుకోండి. అక్కడ మీరు పురోగతి చెప్పాలి, సభ్యులు సూచనలివ్వాలి. సంతకాల తంతుగా జరగనివ్వకుండా రెండు నిర్దిష్టమైన ప్రశ్నలు రాసుకుని వెళ్లండి. వారిలో ఒకరు మీకు రెండో గైడులా మారతారు. అన్యాయం జరిగితే యూజీసీ 2023 నిబంధనల కింద విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ, ఆపైన అప్పీలు వినే అంబుడ్స్‌పర్సన్ ఉన్నారు. మనసు బాగా కుంగినప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. ఉచితం, ఏ వేళనైనా తీస్తారు, తెలుగులో మాట్లాడవచ్చు. స్కాలర్ల గదుల్లో దిగులు ఎంతగా పేరుకుంటుందో చూసినదాన్ని, అందుకే ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఆలస్యమైందా అన్నారు. కాలేదు. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు, మహిళలకు ఆపైన ఇంకో రెండేళ్లు అవకాశం ఉంది. అన్నేళ్లు తీసుకోమని కాదు, రెండో ఏడాది అంటే ఇంకా మొదలే అని చెబుతున్నాను. ఈ వారం ఆ ఒక్క పేజీ రాయండి. మీ అంశం ఏమిటో ఇక్కడ చెప్పలేదు కాబట్టి, రాశాక మొదటి పేరా జవాబుగా పెట్టండి. నేను చదివి, నాకు అర్థం కాని చోటల్లా ప్రశ్న అడుగుతాను.