మానే పూత వేసే ముందు

అమలాపురం

అమ్మలూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గీత పడితే దానంతట అదే మానిపోయే పూతను బరకాల మీద వేస్తానంటున్నావు, అదీ మన రొయ్య పొట్టు నుంచి తీసిన కైటోసాన్‌తో. మాసూళ్ల వేళ వాన వస్తే చిల్లుల బరకం కింద ధాన్యం ఏమవుతుందో చూస్తూ పెరిగినదానివి. మంచి పని పట్టుకున్నావు.

ముందు గుడ్డ సంగతి. మన రైతుల దగ్గరున్నవి చాలావరకు పాలిథీన్ బరకాలు. నువ్వు వాడబోయే పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ పూత వాటికి సరిగా పట్టదు, పొరలా లేచి వస్తుంది. కాన్వాసుతోనో పాలిస్టర్‌తోనో మొదలుపెట్టు. పైగా పూత మానుతుంది గానీ తెగిన దారం అతుక్కోదు. కొడవలి మొన దిగిన చిరుగు కూడా మానుతుందని ఏ రైతుకూ చెప్పకు.

నువ్వు రాసిన 2009 నాటి ఘోష్, అర్బన్ అనే పరిశోధకుల పని నాకు తెలుసు. కైటోసాన్‌కు ఆక్సెటేన్ అనే చిన్న అణు వలయాలు తగిలించి పాలీయురేథేన్‌లో కలిపారు. గీత పడ్డ చోట వలయాలు తెరుచుకుంటాయి, అతినీలలోహిత కాంతి తగిలితే కైటోసాన్ అణువుల పొడవాటి గొలుసులు తెగి వాటితో ముడిపడతాయి. గంటలోపు గీత పూడుతుంది. మనకు ఎండకు కొదవ లేదు. కానీ తెరుచుకున్న వలయం మళ్లీ మూసుకోదు కనుక, అదే చోట పదేపదే మానుతుందని ఆశపడకు. అందుకు విడిపోయి మళ్లీ కలిసే బంధాలు కావాలి, హైడ్రోజన్ బంధాలో డైసల్ఫైడ్ బంధాలో.

అసలు చిక్కు అక్కడే ఉంది. గొలుసులు కదిలితేనే గీత మానుతుంది, ఆ కదలికే పూతను జిగురుగా చేస్తుంది. నేను పనిలో ఉండగా ఒక మెత్తటి పూత చూసి మురిసిపోయాం. సాయంత్రం గోరుతో గీస్తే పొద్దుటికి గీత లేదు. ఆ పూత వేసిన గుడ్డను చుట్టలు చుట్టి, దొంతర పెట్టి గోడౌన్‌లో ఉంచాం. రోహిణి కార్తె ఎండలకు కింది చుట్టలన్నీ ముద్దయ్యాయి, విప్పబోతే పూత ఊడి ఎదుటి మడతకు అంటుకుంది. తొందరలో మడత పరీక్ష వద్దన్నది నేనే, ఆ బాధ ఇంకా ఉంది. నువ్వు మాత్రం ముక్కను మడిచి, బరువు పెట్టి, 50 డిగ్రీల వేడిలో వారం ఉంచు. అంటుకుంటే మానే పొరను కింద ఉంచి, పైన పలుచగా గట్టి పొర వెయ్యి.

నీటితో మానే పూతలూ ఉన్నాయి. 2016లో పెన్సిల్వేనియాలో డెమిరెల్ అనే పరిశోధకుడి బృందం స్క్విడ్ అనే సముద్రజీవి పళ్ల ప్రొటీన్‌తో చేసింది. కానీ నీటికి మెత్తబడేదాన్ని వానకు అడ్డం పెట్టాలంటే నాకు భయం. కైటోసాన్ కూడా తేమ పీలుస్తుంది. గీసి, మాననిచ్చి, రాత్రంతా ఉప్పునీటిలో నానబెట్టి, ఆపైన నీటి ఒత్తిడికి ఎంతవరకు ఆగుతుందో కొలువు. మైక్రోస్కోప్ ఫోటో చూసి సంబరపడకు.

నీరు అంటకుండా పూతల్లో కలిపే ఫ్లోరిన్ రసాయనాల జోలికి పోకు. వాటిలో ఒకటైన పీఎఫ్‌ఓఏను 2019లోనే, ఏళ్లతరబడి చెడని విష రసాయనాలను అరికట్టే స్టాక్‌హోం అంతర్జాతీయ ఒప్పందంలో చేర్చారు. నీళ్లలో కలిసే పాలీయురేథేన్ వాడు, మామూలు రకాన్ని కరిగించే డైమిథైల్ ఫార్మమైడ్ ద్రావకం కాలేయానికి చేటు. ఇక రొయ్య పొట్టులోని సున్నం ఆసిడ్‌తో తీసి, గాఢమైన కాస్టిక్ సోడాలో ఉడికిస్తారు కదా, ఆ నీళ్లు ఎటు పోతాయో ముందే తేల్చుకో. అవి పంట కాలవలో కలిసేటట్టయితే నాకు ఆ పూత వద్దు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు రెండు ముక్కలు తీసుకురా, గీసింది ఒకటి, గీయనిది ఒకటి. డాబా మీద పరిచి చూద్దాం.

నీ మావయ్య