డిగ్రీ అయిపోయినవాళ్లకు మళ్లీ ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా?

చెల్లీ, నీ ప్రశ్న చదివాను. దేవరకొండలో బీజెడ్‌సీతో (బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) బీఎస్సీ అయిపోయింది, మూడేళ్లూ ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే ప్రభుత్వం కట్టే కాలేజీ ఫీజు, తీసుకున్నావు. ఇప్పుడు బీఈడీ చేయాలా, లా చదవాలా, బీఎస్సీ నర్సింగ్‌కు పోవాలా అని ఆలోచిస్తున్నావు. ఒకసారి తీసుకున్నవాళ్లకు మళ్లీ ఇవ్వరని ఎవరో చెప్పేసరికి టెన్షన్ పడుతున్నావు. ఆ మాట సగమే నిజం. నేను కూడా నల్గొండలో బీఎస్సీ చేసి, తర్వాత బీఈడీ చేశాను. రెండింటికీ తెలంగాణ స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్ ఈపాస్‌లోనే అప్లై చేశాను, రెండింటికీ శాంక్షన్ అయింది.

నీకు డిగ్రీ ఉందా లేదా అన్నది ఇక్కడ లెక్క కాదు. చదవబోయే కోర్సు డిగ్రీ కంటే పై మెట్టా, అదే మెట్టా అన్నది చూస్తారు. బీఈడీలో చేరాలంటేనే డిగ్రీ ఉండాలి, కాబట్టి అది పై మెట్టు. ఎమ్మెస్సీ, ఎంబీఏ, ఎంసీఏ కూడా అంతే. బీఎస్సీ నర్సింగ్ మాత్రం ఇంటర్ మీద చేరే కోర్సు. ఒక డిగ్రీకి తీసుకుని అదే స్థాయిలో ఇంకో డిగ్రీకి అడిగితే ఇవ్వరు. బీఏ తర్వాత బీకాం చదివినా ఇదే రూల్. లా విషయంలో జాగ్రత్తగా ఉండు. లా ఎంట్రన్స్ అయిన లాసెట్‌లో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ డిగ్రీ మీద, ఐదేళ్లది ఇంటర్ మీద. నువ్వు మూడేళ్లదానికే రాయి.

ఇక సీటు ఎలా వచ్చిందన్నది. చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. బీఈడీ ఎంట్రన్స్ ఎడ్‌సెట్ రాసి, కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చే కన్వీనర్ కోటా సీటు తెచ్చుకుంటేనే రీయింబర్స్‌మెంట్. మేనేజ్‌మెంట్ కోటాకు, స్పాట్ అడ్మిషన్‌కు రాదు. మహబూబ్‌నగర్ వైపు మా బంధువుల అమ్మాయి ఒకతి కౌన్సెలింగ్ అయిపోయాక స్పాట్‌లో చేరింది. స్కాలర్‌షిప్ తామే చూసుకుంటామని కాలేజీవాళ్లు నోటిమాటగా అన్నారు. తీరా ఫీజు మొత్తం వాళ్ల నాన్నే కట్టుకున్నాడు, అదీ పత్తి అమ్మిన డబ్బులతో. ఆ ఇంటి పరిస్థితి తెలిసినదాన్ని కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను. దూరవిద్యలో చదివినా రాదు.

ఆదాయం సర్టిఫికెట్ తహసీల్దార్ ఆఫీసు నుంచి కొత్తగా తీసుకో. ఇంటి ఆదాయం ఏడాదికి బీసీలకు పల్లెల్లో లక్షన్నర, పట్నంలో 2 లక్షల లోపు ఉండాలి; ఎస్సీ, ఎస్టీలకు ఎంతో ఈపాస్‌లో చూసుకో. బీఈడీకి అప్లికేషన్ ఫ్రెష్‌గా పెట్టాలి, డిగ్రీ అప్పటి దాన్ని రెన్యువల్ చేయడం కుదరదు. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింక్ అయిందో లేదో ముందే చూసుకో. అప్లికేషన్ కోసం మీసేవలో వేసే వేలిముద్ర సంగతి చిన్నదిగా తీసుకోవద్దు. మీసేవకు పోయినప్పుడు నేను పత్తి ఏరుతున్న రోజులు. కాయ అంచులు గీరుకుని వేళ్ల కొసలు గరుకెక్కి ఉన్నాయి, మిషన్ ఎంతకీ తీసుకోలేదు. అక్కడి అబ్బాయి తడిబట్టతో తుడిపించి, బొటనవేలు వదిలేసి ఉంగరపు వేలు పెట్టమంటే అప్పుడు పడింది. నువ్వూ చేనుకు పోతుంటే నాలుగు రోజులు చేతులకు కొబ్బరినూనె రాసుకుని పో.

హాజరు 75 శాతం తగ్గొద్దు. బీఈడీ రెండేళ్లు. ప్రైవేటు స్కూల్లో చెప్పుకుంటూ కాలేజీకి పోకుండా గడిపేద్దామనుకుంటే మాత్రం కష్టం.

ఇంకొకటి. శాంక్షన్ అయినంత మాత్రాన డబ్బులు వెంటనే పడవు, బకాయిలు ఏళ్లకేళ్లు ఆగుతున్నాయి. నా కోర్సు అయిపోయాక సర్టిఫికెట్ల కోసం పోతే, ముందు ఫీజు కట్టమన్నారు కాలేజీలో. ఇంట్లో అప్పు తెచ్చి కట్టి, రసీదు తీసుకున్నాను. అందుకే చేరకముందే అడుగు, రీయింబర్స్‌మెంట్ రాకముందు సర్టిఫికెట్లు ఇస్తారా అని. సరిగా చెప్పకపోతే కౌన్సెలింగ్‌లో కాలేజీలను వరుసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్లలో వేరే కాలేజీని పైన పెట్టుకో.

నర్సింగే నీ మనసులో ఉంటే ఆ దారి మూసుకుపోలేదు. విద్యాలక్ష్మి పోర్టల్‌లో ఎడ్యుకేషన్ లోన్‌కు అప్లై చేయొచ్చు, ముందే డిగ్రీ ఉందన్న ఒక్క కారణంతో లోన్ ఆగదు. కానీ అది తీర్చాల్సిన అప్పు, ఇంట్లో అమ్మానాన్నలతో కూర్చుని లెక్క వేసుకో. బీఈడీ అయితే ఎడ్‌సెట్ నోటిఫికేషన్ వచ్చేలోపు ఆదాయం, కులం సర్టిఫికెట్లు రెండూ చేతిలో పెట్టుకో. మీసేవలో ఏ కాగితం దగ్గరైనా ఆగిపోతే ఇక్కడే రాయి, చూసి చెప్తాను.