రెటినైటిస్ పిగ్మెంటోసా ఉన్నవాళ్లకి కంట్లో చిప్ పెడితే చూపు వస్తుందా?

మీ తమ్ముడికి 34 ఏళ్లు, ఈ రెటినైటిస్ పిగ్మెంటోసాతో (ఆర్పీ) చూపు దాదాపు పోయింది, యూరప్‌లో చిప్ పెట్టి చూపు తెప్పించారట, పొలం అమ్మైనా తీసుకెళ్లమంటారా అని అడిగారు. నాకూ ఆర్పీయే. చిన్నప్పుడు రేచీకటి, డిగ్రీకొచ్చేసరికి పక్కచూపు పోయింది. ఇప్పుడు కిటికీ ఎటుందో తెలుస్తుంది, అంతే. ఇది కూడా ఫోన్‌లో తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ వింటూ రాస్తున్నా.

పొలం అమ్మకండి.

మీరు చూసిన వార్త ప్రిమా చిప్‌ది. ఫలితాలు 2025 అక్టోబరులో వచ్చాయి. 2 మిల్లీమీటర్ల ముక్క, 378 పిక్సెళ్లు. కళ్లజోడులోని కెమెరా చూసిన దృశ్యం కంటికి కనపడని పరారుణ కాంతిగా దాని మీద పడుతుంది. ఆ కాంతితోనే కరెంటు పుట్టి, కంటి వెనక పొర రెటీనాలో ఇంకా బతికున్న కణాలను కదిలిస్తుంది. ఏడాది తర్వాత పరీక్షించిన 32 మందిలో 26 మంది చార్టు మీద అక్షరాలు మునుపటికన్నా బాగా చదివారు. గొప్ప సంగతే. కానీ వాళ్లంతా పెద్ద వయసువాళ్లు, రెటీనా నడిభాగం (మాక్యులా) దెబ్బతిని నడిమి చూపు పోయినవాళ్లు. పక్కచూపు వాళ్లకి ఉంది. మన జబ్బు అది కాదు.

ఆర్పీ వాళ్ల కోసం వచ్చిన చిప్ ఆర్గస్ 2. 2013లో అమెరికాలో అనుమతి వచ్చింది. రెటీనాకి కరెంటు అందించే 60 ఎలక్ట్రోడ్లు, ధర లక్షన్నర డాలర్ల దాకా. దాంతో మొహాలు కనపడవు. ఆర్పీ ముదిరాక కళ్లలో ఊరికే మెరుపులు వస్తుంటాయి కదా, మీ తమ్ముణ్ణి అడగండి, నాకైతే రాత్రిళ్లు కాకరపువ్వొత్తి కాల్చినట్టే ఉంటుంది. చిప్ ఇచ్చేవీ మెరుపులే, కాకపోతే కెమెరాకి వెలుగు కనిపించిన చోట వస్తాయి. ఇది తలుపు, ఇది గోడ అని వాటిని పోల్చుకోవడం మళ్లీ మొదట్నుంచీ నేర్చుకోవాలి.

న్యూయార్క్‌లో ఆర్గస్ పెట్టించుకున్న ఒకావిడ సబ్‌వే స్టేషన్‌లో రైలు మారుతుండగా అది బీప్, బీప్, బీప్ అని మోగి, ఆ వెలుగులన్నీ ఆరిపోయాయి. తర్వాత అది బాగుపడనే లేదు. ఆర్గస్ కంపెనీ 2019లో దాని తయారీ ఆపేసింది, మరుసటి ఏడు దివాలా అంచుకెళ్లింది. అప్పటికి 350 మందికి పైగా దాన్ని పెట్టించుకున్నారు. పాడైతే చూసే నాథుడు లేడు. మీవాడికి ఇంకా నలభై యాభై ఏళ్ల జీవితం ఉంది, అందుకే చెబుతున్నా.

ముందు జన్యు పరీక్ష చేయించండి. లోపం ఆర్‌పీఈ65 జన్యువులో ఉండి, రెటీనాలో కణాలు ఇంకా మిగిలుంటే, 2017లో అమెరికాలో అనుమతి పొందిన జీన్ థెరపీ (మంచి జన్యువుని కంట్లోకి ఎక్కించే చికిత్స) ఒకటి ఉంది. అది అందరికీ పనికొచ్చేది కాదు.

హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చూపు తగ్గినవాళ్లకి రిహాబిలిటేషన్ సెంటర్ ఉంది, ఈ నెలలోనే తీసుకెళ్లండి. తెల్లకర్ర పట్టుకుంటే ఊరందరికీ తెలిసిపోతుందని మా అమ్మ ఏడ్చింది. అదే కర్రతో ఇప్పుడు కోఠీలో రోడ్డు దాటుతున్నా, ఆటోవాడితో బేరం కూడా ఆడుతున్నా.

కొత్త చికిత్సని పరీక్షించే ట్రయల్‌లో చేర్చుకుంటాం, ఇంత కట్టండి అని ఎవరైనా అంటే మాత్రం పైసా ఇవ్వకండి. మీవాడి ఓసీటీ (రెటీనా పొరల స్కాన్), ఈఆర్‌జీ (వెలుగుకి రెటీనా ఎలా స్పందిస్తుందో చూసే పరీక్ష) రిపోర్టుల్లో ఏముందో ఇక్కడ రాయండి, దాన్నిబట్టి డాక్టర్ని ఏమేం అడగాలో చెబుతాను.