ఎరుపా, ఆకుపచ్చా? ముందు క్యాబినెట్ తలుపు తీయండి

ప్రశ్న: మాది నరసరావుపేట. డిగ్రీ చదువుతున్నాను. ఇంట్లో పీసీకి రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. మానిటర్ ఫుల్ హెచ్‌డీ. వాలరెంట్ బాగానే ఆడుతుంది గానీ సైబర్‌పంక్ 2077 లాంటివి పెడితే సెట్టింగులన్నీ కిందికి దించాల్సి వస్తోంది. మా అన్నయ్యకి ఈ మధ్యే ఉద్యోగం వచ్చింది, కొత్త కార్డు కొనిపెడతానన్నాడు. స్నేహితుల్లో సగం మంది ‘ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060 తీసుకో, ఏఎమ్‌డీ అయితే డ్రైవర్లతో చస్తావ్’ అంటున్నారు. మిగతావాళ్లు ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: తమ్ముడూ, ఎరుపు అంటే ఏఎమ్‌డీ, ఆకుపచ్చ అంటే ఎన్విడియా. మీకైతే ఎరుపే, 9060 ఎక్స్‌టీ 16 జీబీ. ఇదే ప్రశ్న వేరే పీసీ ఉన్నవాళ్లు అడిగితే ఇంత గట్టిగా చెప్పను. నా చేత ఈ మాట చెప్పిస్తున్నది మీ మదర్‌బోర్డు.

ఆర్‌టీఎక్స్ 5060లో ఉన్నది 8 జీబీ మెమరీ. దాని వేగం బాగా ఎక్కువ, సెకనుకి 448 జీబీ. గేముకి కావలసిన బొమ్మలన్నీ ఆ 8 జీబీలో పట్టినంతసేపూ కార్డు హాయిగా పరిగెడుతుంది. ఈమధ్య వస్తున్న పెద్ద గేముల్లో టెక్స్చర్లు (గోడలు, నేల మీద కనిపించే బొమ్మల పూత) అల్ట్రాలో పెట్టి, వెలుగునీడలను లెక్కగట్టి గీసే రే ట్రేసింగ్ కూడా ఆన్ చేస్తే ఫుల్ హెచ్‌డీలోనే 8 జీబీ చాలనివి ఉన్నాయి. చాలనప్పుడు మిగిలినదాన్ని కార్డు మీ మామూలు ర్యామ్ నుంచి తెచ్చుకోవాలి. 5060కి బోర్డుతో ఉన్న లేన్లు, అంటే డేటా వచ్చిపోయే దారులు, ఎనిమిదే. మీ బీ450 బోర్డేమో పీసీఐఈ (కార్డును బోర్డుకి కలిపే పద్ధతి) మూడో తరం దగ్గరే ఆగిపోయింది. మూడో తరంలో ఎనిమిది లేన్ల మీద వచ్చేది సెకనుకి సుమారు 8 జీబీ. 448 ఎక్కడ, 8 ఎక్కడ! వంటగట్టు మీద చోటు లేక పోపుగింజల కోసం మాటిమాటికీ పక్కింటికి పరిగెత్తినట్టుంటుంది.

తెర మీద ఇది ఎలా కనిపిస్తుందో చెబుతాను. మూలన సెకనుకి ఫ్రేముల లెక్క 70 చూపిస్తూనే ఉంటుంది. బండి మలుపు తిప్పగానే గేము ఒక్క క్షణం బిగుసుకుంటుంది. ఎదురుగా ఉన్న గోడ మీది బోర్డు అలికేసినట్టుండి, మీరు దాటిపోయే వేళకి అక్షరాలు తేలతాయి. సగటు ఫ్రేములు మాత్రమే చూపించే పోలిక వీడియోల్లో ఈ బాధ కనబడదు.

9060 ఎక్స్‌టీకి పదహారు లేన్లున్నాయి, మెమరీ 16 జీబీ. మెమరీ వేగం సెకనుకి 320 జీబీయే, ఆ లెక్కలో 5060 కన్నా తక్కువ. అయినా మీ బోర్డు మీద నాలుగైదేళ్లు నిలబడేది ఇదే. అన్నయ్య తొలి జీతాల డబ్బుతో కొంటున్న వస్తువు, అన్నాళ్లూ పనికి రావాలని నా పట్టుదల. ఒకటి గుర్తుంచుకోండి, ఇదే పేరుతో 8 జీబీ కార్డు కూడా ఉంది. డబ్బా మీద 16 అని కళ్లారా చూసుకోండి. అమెరికాలో విడుదలైనప్పుడు 5060 ధర 299 డాలర్లు, 9060 ఎక్స్‌టీ 16 జీబీ 349. మన షాపుల్లో ధరలు వారానికోలా మారుతున్నాయి కాబట్టి రెండూ ఒకే రోజు అడగండి. ఆ తేడాకి డబ్బు చాలకపోతే ఇంకో రెండు నెలలు 1650తోనే ఆడుకోండి గానీ 8 జీబీకి దిగకండి.

ఇక డ్రైవర్ల, అంటే కార్డును పీసీతో పనిచేయించే సాఫ్ట్‌వేర్ల, మాట. మీ స్నేహితులు వట్టినే అనడం లేదు. 2019లో వచ్చిన ఆర్‌ఎక్స్ 5700 ఎక్స్‌టీ రోజుల్లో తెర నల్లబడే సమస్యతో చాలామంది అవస్థ పడ్డారు. ఆ పేరు అలాగే ఉండిపోయింది. 2025 మొదట్లో ఆర్‌టీఎక్స్ 50 కార్డులు వచ్చినప్పుడు ఎన్విడియా కూడా అదే నల్లతెర సమస్యకి వరసగా సవరణలు ఇవ్వాల్సి వచ్చింది. ఈ లెక్కన డ్రైవర్ల కోసం ఒకరిని కాదని ఇంకొకరి దగ్గరికి వెళ్లాల్సిన పని ఇవాళ లేదు. మీరు కంపెనీ మారుతున్నారు కాబట్టి పాత ఎన్విడియా డ్రైవర్‌ను డీడీయూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, సేఫ్ మోడ్‌లో, పూర్తిగా తుడిచేశాకే కొత్త కార్డు పెట్టండి. ‘ఏఎమ్‌డీ కార్డు తన్నేసింది’ అని నా బల్ల మీదికి వచ్చే పీసీల్లో రెండు డ్రైవర్లూ కలిసి ఉన్నవి తరచూ కనిపిస్తాయి.

ఎన్విడియా ముందున్న చోట్లు కూడా చెప్పాలి. రే ట్రేసింగ్ భారీగా ఉన్న గేముల్లో, ముఖ్యంగా మీరు చెప్పిన సైబర్‌పంక్‌లో ఇంకా బరువైన పాత్ ట్రేసింగ్ పెడితే, దాని చిప్‌లదే పైచేయి. చిన్న రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే ఎన్విడియా డీఎల్‌ఎస్‌ఎస్ ఎక్కువ గేముల్లో ఉంది. అదే పని చేసే ఏఎమ్‌డీ ఎఫ్‌ఎస్‌ఆర్ పాత వెర్షన్లలో కరెంటు తీగలు, కంచెలు, జుట్టు మిలమిలలాడుతూ చిరాకు పెట్టేవి. 9000 సిరీస్ కార్డులతో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్ 4 ఆ లోటును చాలావరకు తీర్చింది.

ఇంటెల్ ఆర్క్ బీ580 అని ఎవరైనా చెబితే, 12 జీబీతో మంచి కార్డే. పాత ప్రాసెసర్లతో దాని వేగం బాగా పడిపోతుంది. మీ రైజెన్ 3600కి వద్దు.

అన్నిటికన్నా ముందు ఎస్‌ఎమ్‌పీఎస్, అంటే పీసీకి కరెంటు ఇచ్చే పెట్టె, చూడండి. 1650 కార్డుల్లో చాలావాటికి విడిగా పవర్ వైరే ఉండదు, 75 వాట్లతో సరిపెట్టుకుంటాయి. 9060 ఎక్స్‌టీకి 160 వాట్ల పైమాటే, ఎనిమిది పిన్నుల వైరు కావాలి. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, క్యాబినెట్ తలుపు తీసి ఎస్‌ఎమ్‌పీఎస్ పక్కన అంటించిన చీటీ చదవండి. +12వీ అన్న గడి కింద ఎన్ని ఆంపియర్లున్నాయో చూసి 12తో గుణించండి. 34 ఉంటే 408 వాట్లు, నిశ్చింత. పైన పెద్దక్షరాలతో 450 అని వేసి, ఆ గడిలో 18 మాత్రమే ఉంటే అసలు బలం 216 వాట్లే. అలాంటిదైతే కార్డు కన్నా ముందు ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చండి. దయచేసి ఇందులో మాత్రం పొదుపు చేయొద్దు. అది పోతూ పోతూ కార్డునీ బోర్డునీ వెంట తీసుకుపోగలదు.

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో యానిమేషన్ నేర్చుకుంటోంది. బ్లెండర్ అనే 3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్ వాడుతుందట, ఖాళీ దొరికితే గేములూ ఆడుతుంది. షాపతను తక్కువలో వస్తుందని ఏఎమ్‌డీ కార్డు చూపిస్తున్నాడు. తీసుకోవచ్చా? (ఒక తల్లి, ఖమ్మం)

జవాబు: అమ్మా, మీ అమ్మాయికి ఎన్విడియాయే తీసుకోండి. పై తమ్ముడికి ఒకటి, మీకు ఒకటి చెబుతున్నానని అనుకోకండి, పని వేరు. ఎన్విడియా 2007 నుంచీ ‘కూడా’ (CUDA) అనే, కార్డు చేత లెక్కలు చేయించే తన పద్ధతిని సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి అలవాటు చేసింది. బ్లెండర్ ఏఎమ్‌డీ మీదా నడుస్తుంది గానీ, అందులోని సైకిల్స్ ఇంజిన్‌తో రెండరింగ్ (తుది బొమ్మ తయారవడం) ఎన్విడియా వాళ్ల ఆప్టిక్స్ పద్ధతితో త్వరగా అవుతుంది. రేపు ఏ స్టూడియోలో చేరినా, ఏ కొత్త ప్లగిన్ వాడాల్సి వచ్చినా ముందుగా కుదిరేది ఆ కార్డుకే. పెద్ద సీన్లకి మెమరీ కావాలి కాబట్టి వీలైతే ఆర్‌టీఎక్స్ 5060 టీఐలో 16 జీబీది చూడండి. అందులోనూ 8 జీబీ రకం ఉంది, జాగ్రత్త. అమ్మాయిని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్లి రెండు మూడు షాపుల్లో ధర కనుక్కోమనండి. జీఎస్టీ బిల్లు మీద కార్డు సీరియల్ నంబరు రాయించుకోమనండి, వారంటీకి వెళ్లిన రోజు అదే అడుగుతారు.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్‌లో ఆర్‌ఎక్స్ 580 చవగ్గా వస్తోంది. కొనొచ్చా? (అనంతపురం)

జవాబు: అది 2017 నాటి కార్డు. క్రిప్టో మైనింగ్‌లో రాత్రీ పగలూ నడిచి వచ్చినవి చాలా ఉన్నాయి. పైగా 2304 కోర్లు ఉండాల్సిన చోట 2048 మాత్రమే ఉన్న రకాన్ని కూడా 580 పేరుతోనే అమ్ముతుంటారు. అమ్మేవాళ్ల ఇంట్లోనే జీపీయూ-జెడ్ అనే, కార్డు వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్ తెరిచి, షేడర్స్ అన్న చోట 2304 ఉందో లేదో చూడండి. ఆ తర్వాత వాళ్ల ఎదురుగానే అరగంట గేము ఆడించండి. రెండిట్లో దేనికి ఒప్పుకోకపోయినా డబ్బు బయటికి తీయకండి.