‘తగినంత’ అని రాయకు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన బార్మ్‌బ్రాక్ వంటకం రెండుసార్లు చదివాను. ఐర్లండ్ వాళ్ల ఎండుద్రాక్ష రొట్టెను తెలుగువాళ్లకు నేర్పాలన్న ఆలోచన చాలా బాగుంది. ఐరిష్‌లో ఆ పేరుకు ‘మచ్చల రొట్టె’ అని అర్థం చెప్పావు, అది అలాగే ఉంచు.

కొట్టేయాల్సింది ‘తగినంత’ అన్న మాట. నీ వంటకంలో అది నాలుగు చోట్ల ఉంది. పులుసులో ఉప్పు తగినంత అంటే ఎవరైనా రుచి చూసి వేసుకుంటారు. ఓవెన్‌లో పెట్టిన రొట్టెను మధ్యలో సరిదిద్దే వీల్లేదు. అందుకే గ్రాముల్లో రాయి. కప్పులు కూడా వద్దు, ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు ఉంటుంది.

రెండోది, నువ్వు రెండు రొట్టెల్ని కలిపేశావు. ఈస్ట్ వేసి, పిండి పిసికి, పొంగనిచ్చి కాల్చేది ఒకటి. టీలో పళ్లు నానబెట్టి, బేకింగ్ పౌడర్‌తో చేసేది ఇంకొకటి, దాన్ని టీ బ్రాక్ అంటారు. టీ బ్రాక్‌లో ఈస్ట్ పని లేదు. ఇంట్లో మొదటిసారి చేసేవాళ్లకు ఇదే తేలిక, దీన్నే రాయి.

కొలతలివి: కిస్మిస్, నల్ల ఎండుద్రాక్ష కలిపి 375 గ్రాములు, పాలు కలపని టీ డికాషన్ 300 మి.లీ., బ్రౌన్ షుగర్ 125 గ్రాములు, మైదా 225 గ్రాములు, బేకింగ్ పౌడర్ రెండున్నర టీస్పూన్లు, గుడ్డు ఒకటి, దాల్చినచెక్క, జాజికాయ, చిటికెడు లవంగం కలిపిన పొడి ఒక టీస్పూన్, చిటికెడు ఉప్పు. ఐరిష్ వంటకాల్లో సెల్ఫ్ రైజింగ్ పిండి అని ఉంటే అందులో బేకింగ్ పౌడర్ ముందే కలిసి ఉంటుందని గుర్తుంచుకో. అది వాడేవాళ్లు మళ్లీ పౌడర్ వేస్తే రొట్టె గబుక్కున పొంగి నడుమ కుంగిపోతుంది.

నానబెట్టడం గురించి నువ్వు ఒక్క వాక్యంతో సరిపెట్టావు. ఈ రొట్టె ప్రాణమంతా అక్కడే ఉంది, కనీసం ఒక పేరా రాయి. పిండిలో వెన్న గానీ నూనె గానీ ఒక్క చుక్క పడదు, మెత్తదనమంతా పళ్లు తాగిన టీ నుంచే రావాలి. పొడి ద్రాక్ష వేస్తే అది పిండిలోని తడిని లాగేసుకుంటుంది, రొట్టె రంపపు పొట్టులా తయారవుతుంది. ఐర్లండ్‌లో టీ చిక్కగానే తాగుతారు కాబట్టి మన టీపొడి చక్కగా సరిపోతుంది. అల్లం, ఏలకులు వద్దు. వేడి డికాషన్‌లోనే చక్కెర కరిగించి, పళ్లు వేసి, మూతపెట్టి రాత్రంతా వదిలేయమను. పొద్దున్నకు ద్రాక్ష ముడతలు విప్పుకుని, వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా లొంగాలి. ‘వడకట్టి’ అన్నావే, అది పెద్ద పొరపాటు. అడుగున మిగిలిన టీ కూడా పిండిలోకే వెళ్లాలి. గుడ్డు తప్ప ఇందులో తడి అదొక్కటే.

గుడ్డు వేసేటప్పటికి టీ పూర్తిగా చల్లారి ఉండాలి. మైదా, పొడులు జల్లించి వేసి, పొడి పిండి కనిపించకుండా పోగానే గరిటె ఆపాలి. ఇంకా తిప్పితే రొట్టె సాగుతుంది. జారు ఎంతో చెప్పడానికి మన వంటింట్లోనే పోలిక ఉంది: పునుగుల పిండిలా గరిటె మీంచి ముద్దగా, నిదానంగా జారాలి. దోసెల పిండిలా ఉంటే పళ్లు అడుగుకు దిగిపోతాయి.

23 సెం.మీ. పొడవు, 13 సెం.మీ. వెడల్పు ఉన్న బ్రెడ్ టిన్‌కు బటర్ పేపర్ పరిచి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 165 డిగ్రీల దగ్గర గంట నుంచి గంటంబావు. చిన్న ఓటీజీలో, అంటే బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్‌లో, పై రాడ్ దగ్గరగా ఉంటుంది, నలభై నిమిషాలకే పైన నల్లబడుతుంది. అప్పుడు అల్యూమినియం ఫాయిల్ కప్పమను. మధ్యలో పుల్ల గుచ్చితే పచ్చి పిండి అంటకూడదు. ద్రాక్షకు తగిలి తీపి తడి అంటితే కంగారు పడొద్దని కూడా రాయి, లేకపోతే అనవసరంగా ఇంకో పావుగంట ఎండబెడతారు.

అక్టోబర్ 31న, హాలోవీన్ రాత్రి, ఇందులో ఉంగరం దాచే ఆచారం బాగా రాశావు. ఉంగరం దొరికితే ఏడాదిలో పెళ్లి, నాణెం దొరికితే డబ్బు, గుడ్డపేలిక దొరికితే లేమి. కానీ ఉంగరాన్ని కడిగి బటర్ పేపర్‌లో చుట్టాలని, రొట్టె కాలాక అడుగు నుంచి గుచ్చాలని, తినేవాళ్లకు ముందే చెప్పాలని చేర్చు. పంటికి తగిలితే కష్టం.

చివర్లో ‘వేడివేడిగా వడ్డించండి’ అన్నావు. వేడి మీద కోస్తే ముక్క చిదురైపోతుంది. చల్లారాక కాగితంలో చుట్టి ఒక రోజు ఉంచితే తడి అంతటా సర్దుకుంటుంది. మర్నాడు వేలెడు మందాన కోసి, ఉప్పు వెన్న దట్టంగా రాసి, టీతో తినాలి.

సరిచేశాక ఒకసారి నీ చేత్తో చేసి చూడు. మీ ఓవెన్‌లో ఎన్ని నిమిషాలు పట్టిందో రాసి పంపు.

ఆశీస్సులతో